కోసిన చేలో మావయ్య

మా మావయ్య పోయాడని నక్కపల్లి నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు నేను చేలో నీళ్లు కడుతున్నాను. మర్నాడు పేపర్లో చిన్న వార్త వచ్చింది. వరి పరిశోధకుడని రాశారు. బతుకంతా ఏ వరి వెనక తిరిగాడో రాయలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది చెరకు, కొద్దిగా వరి పండించే కుటుంబం. చెరకు నరికాక దుబ్బు మళ్లీ చిగురిస్తుంది, ఆ కార్శి తోట ఇంకో పంట ఇస్తుంది. "వరికి మాత్రం పతీసారీ దున్నడం, నారు పొయ్యడం, వంగి ఊడ్సడం ఏటి? అదీ గడ్డే కదా," అనేవాడు మావయ్య. వాళ్లమ్మ నడుం వంచి నాట్లు వేసే ఊడ్పులకు వెళ్లి వెళ్లి, ఆఖరికి నిటారుగా నిలబడలేకపోయిన మనిషి.

ప్రభుత్వ పరిశోధన క్షేత్రంలో ఉద్యోగం వచ్చాక, వేళ్ల నుంచి తిరిగి మొలిచే అడవి వరిని మన వరితో సంకరం చేస్తూ పోయాడు. ఏళ్ల తరబడి తాలు గింజలే వచ్చాయి. తోటివాళ్లు గడ్డి సారు అని నవ్వుకునేవారు. చివరికి ఒక మడి, కోసినా చావకుండా, ఎండాకాలం దాటి మళ్లీ వెన్ను వేసింది. నన్ను బండి మీద తీసుకెళ్లి చూపించాడు. ఒక కంకిని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడంతే.

ఆ పంట కోసిన కొద్ది రోజులకే అక్కడ ఎవరో మంత్రి సభ పెట్టారు. మావయ్య ఊళ్లో లేడు. కార్లు నిలపడానికి ఆ మడిని ట్రాక్టరుతో దున్ని చదును చేసేశారు. తిరిగొచ్చి అడిగితే, కోసేసిన చేనే కదండీ, మోళ్లు తప్ప ఏమున్నాయి అన్నాడట పై అధికారి. ఆ మోళ్లే పంట. గింజలు దాచలేదా అని నేనడిగాను. గుణం ఇంకా నిలకడకు రాలేదని, గింజ చల్లితే తలో రకం మొలుస్తాయని, ఆ దుబ్బులే బతకాలని చెప్పాడు. మట్టిలోంచి ఏరి తెచ్చిన వేళ్లను మా చేలో నాటాడు. ఒక్కటీ పట్టలేదు. మళ్లీ మొదలుపెడతానంటే, రిటైర్మెంట్ దగ్గరపడింది ఇంకెందుకన్నారు.

తరవాత వేరే దేశంలో అలాంటి వరి రైతుల దాకా చేరిందని వార్త వచ్చింది. నేనే చదివి వినిపించాను.

"మంచిదే. ఎక్కడో ఒక ముసల్దాని నడుం మిగుల్తాది," అన్నాడు.

ఆ పూట అన్నం ముట్టలేదు.

సంతాప సభకు ఆ అధికారి కూడా వచ్చాడు. మావయ్య సేవలు మరువలేనివన్నాడు. నేను లేచి బయటికి వచ్చేశాను.

అంతకుముందు, పోయిన కోతలప్పుడు మావయ్య మా ఊరొచ్చాడు. ధాన్యం అప్పటికే ఇల్లు చేరింది. ఆయన ఖాళీ చేలోకి దిగి, వంగి, మోళ్లను వేళ్లతో విడదీసి చూస్తున్నాడు. ఏటి ఎతుకుతున్నావు మావయ్యా అన్నాను.

"పైకి సచ్చిపోయినట్టే ఉంటాయిరా. లోపల సూడాలి."

ఎండెక్కినా గట్టెక్కలేదు. ఒక మోడు దగ్గర చతికిలబడి, ఎండిన ఆకు పొరల్ని ఒక్కొక్కటే వలుస్తూ ఉండిపోయాడు.