చూస్తూ చూస్తూ విరిగిన కాలు

పోయిన ఏడాది కానిస్టేబుల్ పరుగు పరీక్ష కోసం మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీ గ్రౌండ్‌లో రోజూ పొద్దున్నే ప్రాక్టీసు చేసేదాన్ని. వయసు దాటిపోతోంది, అదే నా ఆఖరి అవకాశం. కొన్నాళ్లకు ఎడమ మోకాలి కింద ఎముకలో సన్నగా నొప్పి మొదలైంది. మాకు పరుగు నేర్పే అన్నకు చెప్పాను.

“నొప్పితోని కొట్లాడకు చెల్లె. శ్వాస మీద మనసు పెట్టు. నొప్పి వస్తది, పోతది, ఊకె చూస్తుండు” అన్నాడు.

అలాగే చూశాను. శ్వాస లోపలికి, బయటికి. నొప్పి ఎక్కడుందో, ఎంత వేడిగా ఉందో గమనిస్తూ పరుగెత్తి అందరికంటే ముందు వచ్చేదాన్ని. అన్న నన్ను చూపించి మిగతావాళ్లను తిట్టేవాడు.

పరీక్షకు వారం ముందు, మలుపు దగ్గర కాలిలో టప్‌మని చప్పుడైంది. అప్పుడు కూడా శ్వాసనే చూస్తూ ఇంకో నాలుగడుగులు వేసి కూలబడిపోయాను.

చేవెళ్ల దవాఖానలో ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ, “ఎముక ఎప్పుడో చిట్లింది. ఇన్ని రోజులు ఏం చేసినవమ్మా?” అని అడిగింది.

“నొప్పిని చూస్తున్న మేడం” అన్నాను. పక్కనే ఉన్న మా అమ్మ తల కొట్టుకుంది.

పరీక్ష నేను లేకుండానే అయిపోయింది. వయసూ దాటింది. ఇప్పటికీ మెట్లెక్కితే ఆ కాలు నొస్తుంది. అలవాటుగా చూస్తాను. అప్పుడు ఆ నొప్పి నాకు ఏదో చెప్పాలని వచ్చింది. ఇప్పుడు ఊరికే వస్తోంది.