ఊడని స్పిండిళ్లు, ఊడిన గోరు

ముందే ఒప్పేసుకుంటాను. మా జీపు ముందు చక్రాల స్పిండిళ్లు మూడు రోజులు ఊడి రాకపోవడానికి కారణం జీపు కాదు, నేను. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ తప్పును ఒకసారి చేసి ఊరుకోలేదు. ఏడాదికొకసారి, తలస్నానం చేసి, భక్తిశ్రద్ధలతో, ఇరవై ఏళ్లపాటు చేశాను.

అది నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాతకాలపు జీపు. వెనక సామాను వేసుకునే తొట్టి ఉంటుంది. తొర్రూరు అవతల కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చిన కొత్తలో వేలంలో కొన్నాను. వానాకాలం నల్లరేగడి బురదలో బస్సులు ఎక్కడ ఆగిపోయేవో అక్కడ ఇది మొదలయ్యేది. ఇప్పుడు నేను హనుమకొండలో మూడో అంతస్తులో ఉంటున్నాను. జీపుకు మూడో అంతస్తు ఎక్కే శక్తి ఉన్నా లిఫ్టులో పట్టదు. అందుకని ఖిలా వరంగల్‌లో మా అక్కావాళ్ల ఇంటి ఆవరణలో, రేకుల షెడ్డు కింద ఉంటుంది. ‘ఉంటుంది’ అనడం నా మర్యాద. మా బావ లెక్కలో అది ‘పడి ఉంటుంది’.

మొన్న వానాకాలంలో ఒకరోజు దాన్ని షెడ్డులోకి తెస్తూ బ్రేకు తొక్కాను. పాదం కిందికి పోయింది, జీపు ముందుకు పోయింది. వారం కిందటే కొన్న బావ కారు బంపరును వెళ్లి ముద్దు పెట్టుకుంది. ముద్దు చిన్నదే, మచ్చ పెద్దది. బావ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పాత ఇనుప సామాను కొనే మనిషికి నా ఎదురుగానే ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాడు. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు.

“బామ్మర్ది, ఐతారం పన్నెండింటి దాకా టైమిత్తున్న. బండి దానంతటది గేటు దాటి పోవాలె, మళ్ల రావాలె, బ్రేకేసినకాడ ఆగాలె. ఆగితె ఉంటది. లేకపోతె తూకానికి పోతది.”

న్యాయంగానే చెప్పాడు. బావ న్యాయంగా మాట్లాడినప్పుడే నాకు ఎక్కువ మండుతుంది.

జబ్బు ఏమిటో నాకు తెలుసు. ముందు చక్రాలను కలిపే యాక్సిల్ లోపల ఆయిల్ సీళ్లు పోయి, నూనె బ్రేకుల మీదికి కారుతోంది. సీలంటే అరచేతిలో పట్టే రబ్బరు రింగు. కానీ దాని దగ్గరికి చేరాలంటే చక్రం తీయాలి, హబ్బు తీయాలి, బ్రేకు పళ్లెం తీయాలి, చివరికి స్పిండిల్ తీయాలి. స్పిండిల్ అంటే చక్రం బేరింగులు కూర్చునే లావుపాటి ఉక్కు గొట్టం. ఆరు బోల్టులతో యాక్సిల్ చివరి ముద్దకు బిగించి ఉంటుంది. ఫోన్‌లో వీడియో చూశాను. ఒకాయన ఆరు బోల్టులు విప్పి, సుత్తితో రెండుసార్లు తట్టి, స్పిండిల్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఏడు నిమిషాల వీడియో, అందులో రెండు నిమిషాలు ఆయన తన గురించి చెప్పుకున్నవే. నేను గురువారం, శుక్రవారం సెలవు పెట్టాను. కొత్త సీళ్లు, బ్రేకు లైనర్లు ముందే తెచ్చిపెట్టుకున్నాను.

గురువారం మధ్యాహ్నానికి ఎడమ పక్క ఆరు బోల్టులూ చేతిలోకి వచ్చాయి. గర్వంగా వాటిని పాత గిన్నెలో వేసి కిరసనాయిలు పోశాను. ఆ తర్వాత సుత్తితో రెండుసార్లు తట్టాను. తర్వాత ఇరవైసార్లు. ఆ తర్వాత లెక్క మరిచిపోయాను. స్పిండిల్ నన్ను గుర్తుపట్టినట్టు కూడా లేదు. సంధులు విడదీయడం నాకు జీతమిచ్చే పని. ఎంతటి సమాసాన్నయినా బోర్డు మీద ముక్కలు చేసి పెడతాను. ఈ ఒక్క సంధి దగ్గర నా వ్యాకరణమంతా చేతులెత్తేసింది.

తుప్పు పట్టిందనుకున్నాను. తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను, డీజిలు పోశాను, ఎవరో చెబితే కూల్‌డ్రింకు పోశాను. చీమలు వచ్చాయి, స్పిండిల్ రాలేదు. నేను రాసిందల్లా నూనె. నాకు రాసిపెట్టింది మాత్రం వేరేలా ఉంది.

శుక్రవారం పెద్ద సుత్తి, ఉలి తెచ్చాను. యాక్సిల్ ముద్ద మీద గుండ్రంగా ఒక గీత కనబడుతోంది. అదే అతుకని, అక్కడ ఉలి పెట్టి పొద్దున్నుంచి కొట్టాను. ఆ మోతకు కోట గోడ పక్కనున్న వీధి వీధంతా వచ్చి తలా ఒక సలహా ఇచ్చిపోయింది. ట్రాక్టరుకు కట్టి లాగమని ఒకరు, మంట పెట్టమని ఒకరు, మంచి రోజు చూసుకుని మొదలుపెట్టాల్సిందని ఒకరు. బావ షెడ్డు ముందే కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. కళ్లు పేపరు మీద ఉన్నాయి కానీ పేజీ తిప్పడం లేదు. చాయ్ తెచ్చిన అక్కతో, నాకు వినబడాలనే, మెల్లగా అన్నాడు.

“గిటు సూడు, మీ తమ్ముడు కోట తవ్వుతాండు. ఇంకో కాకతీయ తోరణం బయటికెల్తదేమో.”

అక్క నవ్వింది. సొంత అక్క. ఆ కోపంలో నేను ఉలి పారేసి, స్పిండిల్ మూతి మీదే సుత్తితో శక్తికొద్దీ కొట్టాను. రెండు దెబ్బలు దాని మీద పడ్డాయి, మూడోది నా బొటనవేలి మీద పడింది. స్పిండిల్ ఊడలేదు. గోరు మాత్రం అప్పటికప్పుడే నల్లబడి, రెండు వారాలకు ఎవరూ కొట్టకుండానే, నూనె పోయకుండానే, దానంతటదే ఊడి వచ్చింది.

అక్క వేలికి గుడ్డ కట్టి, కాసేపు స్పిండిల్‌ను చూసి అడిగింది.

“బయటికి రావాల్సినదాన్ని లోపటికెందుకు కొడుతున్నవ్‌రా?”

నేను వంగి చూశాను. ఆ దెబ్బలకు స్పిండిల్ చివర మరలు చితికి, నట్టు ఎక్కడం మానేసింది. అంటే శుక్రవారం సాయంత్రానికి నా పని సున్నా దగ్గర కూడా లేదు, సున్నాకు అవతలికి పోయింది.

శనివారం పొద్దున నేను రాకముందే అక్క స్కూటీ తీసి వెళ్లి చాచాను తీసుకొచ్చింది. చాచా ఇరవై ఏళ్లు ఈ జీపుకు వైద్యం చేసిన మెకానిక్కు. మోకాళ్లు నొప్పులై షెడ్డు మూసేసి ఇంట్లో ఉంటున్నాడు. ముందు యాక్సిల్ ఒకసారి విప్పి చూడాలని ఆయన నాలుగేళ్ల కిందటే చెప్పాడు. చూద్దామన్నాను. ఆ ‘చూద్దాం’ గుర్తుంది కాబట్టే ఆయన మొహం చూడలేక నేను వెళ్లలేదు.

చాచా నా సుత్తుల వైపు చూడలేదు. స్టూలు వేయించుకుని చక్రం ముందు కూర్చుని, అక్కను చిన్న చాకు అడిగాడు. నేను ఉలి పెట్టిన గీతకు రెండు వేళ్ల దూరంలో, ఏ గీతా లేని చోట గీకడం మొదలుపెట్టాడు. నల్లటి పెచ్చు లేచింది. దాని కింద పసుపు చారిక, కుంకుమ చుక్క. వాటి కింద వెండి రంగు. దాని కింద మళ్లీ పసుపు, కుంకుమ, మళ్లీ నలుపు. చాచా ఆ పెచ్చును నా అరచేతిలో పెట్టాడు. అట్టముక్కంత మందంగా ఉంది.

“బేటా, ఇది జంగు కాదు, రంగు,” అన్నాడు. మావైపు తుప్పును జంగే అంటారు. “ప్రతి దసరాకు ఇంత భక్తితోని పూసింది ఎవరు?”

“ఇంకెవరు?” అన్నాడు బావ, పేపరు వెనకనుంచి.

ఆయుధపూజ ముందు రోజు అందరూ బండ్లు కడుగుతారు. ఓపికున్నవాళ్లు బంపరుకు, చక్రాల రేకులకు కాస్త రంగు వేస్తారు. నేను చక్రాలు విప్పి, లోపల ఎవరికీ కనబడని ఇనుముకు కూడా దట్టంగా రంగు పూసి, ఆరాక దానికి కూడా బొట్టు పెట్టేవాణ్ని. ఇనుమును ప్రేమించడమంటే రంగు పూయడమేనని నా నమ్మకం. ఇరవై దసరాల రంగు స్పిండిల్‌కూ యాక్సిల్ ముద్దకూ మధ్యనున్న అతుకులోకి దిగి, గట్టిపడి, అతుకన్నదే కనబడకుండా చేసింది. మరి నేను రోజంతా ఉలితో కొట్టిన గీత? అది పోతపోసినప్పుడు ఇనుము మీద మిగిలిన గీతట. అంటే ఆ రోజంతా నేను రెండుగా విడదీయాలని చూసింది ఒకే ముక్కని.

ఆ తర్వాత జరిగింది చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చాచా అతుకు చుట్టూ గీకి, చిన్న కుంచెతో రంగు కరిగించే థిన్నరు పట్టించి, చాయ్ తాగాడు. చితికిన మరలను ఆకురాయితో సరిచేసి, అవి మళ్లీ చెడకుండా నట్టు ఎక్కించాడు. కొయ్య సుత్తి తీసుకుని స్పిండిల్ అంచు మీద పైన ఒకటి, కింద ఒకటి, ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి తట్టాడు. పిల్లవాణ్ని నిద్ర లేపుతున్నట్టుంది ఆ తట్టడం. మూడో చుట్టుకు వెంట్రుకంత సందు కనిపించింది. నాలుగో చుట్టుకు స్పిండిల్ ఆయన ఒళ్లోకి వచ్చింది.

నేను రెండో పక్కకు స్టూలు జరపబోతే చాచా లేచి నిలబడ్డాడు.

“అది నువ్వే తియ్యి. రంగు పూసినోడే గీకాలె.”

గీకాను. శనివారం వెలుగున్నంతసేపు గీకాను, ఆదివారం తెల్లారగానే మళ్లీ గీకాను. నా భక్తి అంత మందంగా ఉంటుందని నాకే తెలియదు. తొమ్మిదింటికి కుడి స్పిండిల్ కదిలింది. సీళ్లు, లైనర్లు, బేరింగులు, హబ్బులు, చక్రాలు వేసి జాకీ దించేసరికి పదకొండున్నర. అప్పటికే ఇనుప సామానాయన ట్రాలీ ఆటోతో గేటు బయట నిలబడి ఉన్నాడు. బావ గడియారం చూస్తున్నాడు.

జీపు గేటు దాటింది. మట్టికోట దర్వాజా దాకా వెళ్లి తిరిగి వచ్చింది. ఆవరణలో బావ కారు, వెనకభాగం నావైపు పెట్టి మెరుస్తోంది. దానివైపే వస్తూ బ్రేకు తొక్కాను. జీపు మూరెడు దూరంలో ఆగింది. నేను స్టీరింగు వదిలి దిగాను.

బావ వంగి ఆ మూరెడు సందును చూశాడు. “ఆగింది,” అన్నాడు. అంటే జీపును ఉంచుకోమనే. అంతటితో ఊరుకుని ఉంటే నేనూ ఊరుకునేవాణ్ని. కానీ ఇనుప సామానాయన వైపు తిరిగి, ఇది తుప్పు కాదు, రంగేనని తనకు మొదటి రోజే అనుమానం వచ్చిందని, చెబితే నేను వినే రకం కాదని వివరించడం మొదలుపెట్టాడు.

ఇనుప సామానాయన వినే స్థితిలో లేడు. ఆదివారం పూట ఇంత దూరం వచ్చి ఖాళీ ఆటోతో పోవాలా అని గొణుగుతున్నాడు. షెడ్డు వెనక పట్టా కింద బావది ఒక ఇనుప కూలర్ ఉంది. ఆరు ఎండాకాలాలుగా బావ దాని మోటారు విప్పుతూనే ఉన్నాడు, ఎవరినీ ముట్టనివ్వడు. నేను పట్టా తీసి ఒక పక్క పట్టుకున్నాను. రెండో పక్క అప్పటికే అక్క పట్టుకుని ఉంది.

“మనం పిలిస్తె వచ్చిన మనిషిని ఉత్త చేతులతోని పంపుతమా, బావా?” అన్నాను.

పిలిచింది తనే కాబట్టి బావ పక్కకు తప్పుకున్నాడు. కూలర్ ఆటో ఎక్కింది. దానికి బదులుగా ఇనుప సామానాయన తట్టెడు ఉల్లిగడ్డలు దింపి వెళ్లాడు. పొయ్యి మీద కోడికూరకు నూనె కాగుతోంది. ఆ ఉల్లిగడ్డలు కోసే పని బావకు అప్పజెప్పి, గ్రీసు చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. చాలాసేపే కడుక్కున్నాను.