చివరికి దాచుకున్న గుడ్డు

గుడ్ల గోదాములో అతనిది చీకటి గది. పెట్టెలో వెలిగే దీపం మీద గుడ్లను ఒక్కొక్కటిగా తిప్పి చూడడం అతని పని. లోపల రక్తపు చుక్క కనిపించినా, పెంకు మీద వెంట్రుకంత పగులు కనిపించినా పక్కన పెట్టాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని. అందరూ దీపం మామ అంటారు.

ఇంట్లో పొద్దున్నే ఒక గుడ్డు ఉడికేది. కాపురం పెట్టిన కొత్తలో ఒకటే కొనేవాళ్లు. తర్వాత రెండు కొనగలిగినా అలవాటు మారలేదు. భార్య కుట్టుదారాన్ని గుడ్డు చుట్టూ వేసి లాగేది. రెండు సగాలు విడిపోయేవి. పెద్ద సగం ఎవరిదని రోజూ తగవే.

ముంజేతుల మీద దద్దుర్లు లేచి ఏ మందుకూ లొంగకపోయేసరికి, చర్మం డాక్టరుకు తిండి మీద అనుమానం వచ్చింది. గుడ్డు, చేప, పప్పులు, పాలు, వేరుశనగ ఆరు వారాలు మాన్పించింది. మిగిలింది అన్నం, ఉడికించిన కోడిమాంసం, సొరకాయ. దద్దుర్లు అణిగాయి.

“ఈ అయిదింట్లోనే ఏదో ఉంది. ఇప్పుడు ఒక్కొక్కటే మొదలుపెట్టండి. మూడు రోజులు తిని, నాలుగు రోజులు ఆగి, ఏమైందో రాయండి. ఏది ముందో మీ ఇష్టం,” అంది డాక్టరు.

అతను గుడ్డును చివర రాశాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇష్టమైనదాన్ని కంచం అంచున దాచుకునేవాడు.

“మీరు తినందే నాకు మాత్రం ఎందుకూ?” అని భార్య కూడా గుడ్డు మానేసింది. దారం ఉండ కిటికీలో ఉండిపోయింది.

చేప తిన్నాడు. ఏమీ కాలేదు. ఆ వారమంతా ఈల వేశాడు. పప్పు తిన్నాడు. చర్మం నున్నగానే ఉంది. పాలు కూడా పడ్డాక ఈల ఆగిపోయింది. ఒక్కొక్కటీ తప్పుకుంటుంటే నింద గుడ్డు వైపు జరుగుతోంది. వేరుశనగ పిడికిళ్లతో తిన్నాడు. గంటకోసారి చెయ్యి చూసుకున్నాడు. గోకి కూడా చూశాడు.

“దురద రాలేదని దిగులుపడే మనిషిని మొదటిసారి చూస్తున్నా మామా,” అన్నాడు గోదాము వ్యాను డ్రైవరు. “ఆ గుడ్డేదో మొదటే మింగి ఉంటే గొడవ వదిలేది కదా!”

“వదిలేదే. ఈ నెల రోజుల ఆశ కూడా వదిలేది.”

గుడ్డు వారం వచ్చింది. మొదటి రోజు పావు ముక్క. రెండో రోజు సగం. భార్య దారం లాగి, మిగతా సగం తను తీసుకుంది.

“పెద్దది మీకే వచ్చింది.”

“దిష్టి పెట్టకు.”

పచ్చసొన పొడిపొడిగా నాలుక మీద కరిగింది. నీళ్లు తాగకుండా చాలాసేపు కూర్చున్నాడు. మూడో రోజు, డాక్టరు చీటీలో రాసిచ్చినట్టు, మొత్తం గుడ్డు తిన్నాడు. అది ఉత్త గుడ్డులాగే ఉంది.

నాలుగో రోజు చీకటి గదిలో ముంజేయి దురద పెట్టింది. చొక్కా చెయ్యి పైకి మడిచి దీపం దగ్గర పెట్టాడు. మూడు ఎర్రటి దద్దుర్లు. చూసినవాళ్లు లేరు. డాక్టరు చదివేది అతను రాసిందే. చొక్కా చెయ్యి దించుకున్నాడు. తర్వాతి గుడ్డు తిప్పాడు. లోపల ఆవగింజంత రక్తపు చుక్క. అతను అనుకునేలోపే చెయ్యి దాన్ని పక్కన పెట్టేసింది.

సాయంత్రం ఇంటికెళ్లి పుస్తకంలో రాశాడు: ఎడమ ముంజేయి, మూడు దద్దుర్లు. భార్య చదివి పుస్తకం మూసింది.

మర్నాడు తనే లేచి ఒక గుడ్డు ఉడికించాడు. పెంకు ఒలిచి భార్య ముందు పెట్టాడు.

“ఎవరికిది?”

“నీకే. రెండు సగాలూ.”

“నాకు గొంతు దిగదు.”

“నేను చూస్తూ ఉంటాలే. చూడడమేగా నా పని.”

ఆమె దారం వేసి లాగింది. అతను వంగి చూసి, “ఇదే పెద్దది,” అన్నాడు.

“మీ కళ్లకేమైంది? అది పెద్దది.”

“ఇరవై రెండేళ్లుగా గుడ్లు చూస్తున్నవాడికి చెప్తున్నావా?”

తగవు తెగలేదు. గుడ్డు చల్లారిపోయింది.