తేనెరంగు గాజు సింహం

ఎడిన్‌బర్గ్‌లో నేను పనిచేసిన కేర్ హోమ్‌లో ఒక ముసలావిడ ఉండేవారు. పేరు పెట్టి పిలవమనేవారు గానీ, అంత పెద్దావిణ్ణి అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ అనేదాన్ని. ఆవిడ మెడలో నల్లదారానికి బొటనవేలి గోరంత గాజుబిళ్ళ ఉండేది, తేనెరంగులో. రోమన్ల కాలం నాటిదట. గాజు వేడిగా, మెత్తగా ఉండగానే అచ్చు గుద్ది దాని మీద సింహాన్ని తేల్చారట. పెళ్ళికి ముందు భర్త కొనిచ్చారట.

“సింహమేంటి ఆంటీ, మా వీధిలో కుక్క అచ్చం ఇలాగే ఉంటుంది,” అన్నాను మొదటిరోజే. ఆవిడ పగలబడి నవ్వారు. ఆ ఊళ్ళో నా మాటకి ఒక మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో! నా ఫ్లాట్‌కి వెళ్తే నాలుగు గోడలు తప్ప పలకరించే దిక్కు లేదు. అందుకే డ్యూటీల రోటాలో నన్ను ఏ అంతస్తులో వేసినా, బ్రేక్‌లో టీ కప్పు పట్టుకుని ఆవిడ దగ్గరికే పోయేదాన్ని.

“నేను పోయాక కూడా దీన్ని తీయకు. నాతోనే రానీ,” అన్నారు ఒకరోజు.

“అలాగే ఆంటీ, ముందు ఆ టాబ్లెట్ మింగండి,” అని కసిరాను.

ఒక మంగళవారం పొద్దున ఆవిడ పోయారు. ఒళ్ళు తుడుస్తుంటే నా చేతులు వాటంతటవే మా ఇళ్ళల్లో చేసే పని చేసేశాయి. మావైపు పోయినవాళ్ళ ఒంటి మీది నగ తీసి ఇంటివాళ్ళకి అప్పజెప్పాకే మిగతా పని. అలాగే బిళ్ళ తీసి, రుమాలులో మూటగట్టి, కబురందుకుని వచ్చిన ఆవిడ కొడుకు చేతిలో పెట్టాను. అతని కారు వెళ్ళిపోయాక ఆంటీ అన్న మాట గుర్తొచ్చింది. నా బుద్ధికి ఏం తెగులొచ్చిందో! వెంటనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఏడాదికోసారి మొహం చూపించే ఆ మనిషంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. కానీ ఒక్క మాట అనకుండా సగం దారిలోంచి వెనక్కొచ్చాడు. “మీరే వేయండి, అమ్మ అడిగింది మిమ్మల్ని కదా,” అని మూట నాకే ఇచ్చాడు. దారం ఆవిడ మెడ వెనక్కి తెచ్చి రెండు ముళ్ళు వేశాను.

“అమ్మ నా గురించి అడిగేదా?” అన్నాడు.

ఒక్కసారీ అడగలేదు. “రోజూ అడిగేవారు,” అన్నాను.

అతను నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆరేళ్ళుగా ఆ హోమ్‌లో ఎందరి చేతులో నేను పట్టుకున్నాను. నా చెయ్యి ఒకరు పట్టుకోవడం అదే మొదలు. తల్లి పోయినవాడి కంటే నేనే ఎక్కువ ఏడ్చాను.