పన్నెండు వీధులు, మూడు యాప్‌లు

2021 ఏప్రిల్‌లో నేను తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో, మారండహళ్ళికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊళ్ళో నీటి సరఫరా పర్యవేక్షకుణ్ణి. పదవీ విరమణకు పదకొండు నెలలుంది. నా కింద మునిరత్నం అనే టర్న్‌కాక్ ఒక్కడే ఉండేవాడు. టర్న్‌కాక్ అంటే వీధుల వాల్వులు తిప్పి నీళ్ళు వదిలే ఉద్యోగి. హోదాలో అందరికన్నా కింద. ఎండాకాలంలో మాత్రం మా అధికారికన్నా అతనికే ఎక్కువ నమస్కారాలు అందేవి.

ఆ నెలలో మునిరత్నం మోకాలి ఆపరేషన్‌కు రెండు నెలలు సెలవు పెట్టాడు. పన్నెండు వీధుల నీళ్ళ వరుస ఎక్కడా రాసి లేదని అప్పుడు తెలిసింది. మాకు తెలిసినంతవరకు రోజుకు మూడు వీధులు, ఒక్కో వీధికి నాలుగు రోజులకోసారి నీళ్ళు. ట్యాంకు కడిగే ఐదు, ఇరవై తేదీల్లో సరఫరా ఉండదు. త్రీఫేజ్ కరెంటు పోతే మోటరు ఆడదు కనుక ఆ రోజూ ఉండదు.

అధికారి ఏదో సమావేశంలో విని వచ్చి, పనులు గుర్తుచేసే యాప్ ఒకటి చూడమన్నారు. ఎంపిక నాకూ, కంప్యూటర్ ఆపరేటర్ సరోజకూ అప్పగించారు.

మొదటి యాప్ ‘నాలుగు రోజులకోసారి’ అనగానే ఒప్పుకుంది. ట్యాంకు కడిగిన రోజు వచ్చేసరికి, ఆ మూడు వీధులనూ ఎర్ర అక్షరాల్లో చూపి, మర్నాడు మరో మూడు కలిపి మొత్తం ఆరింటికి వదలమంది. ఉన్నది ఒకటే ట్యాంకు అని దానికి చెప్పే మార్గం మాకు దొరకలేదు.

రెండోది తెలివైనది. పని అయినట్టు టిక్కు పెట్టిన రోజు నుంచి నాలుగు రోజులు లెక్కపెట్టేది. టిక్కు పెట్టేదాకా పది నిమిషాలకోసారి మోగేది. మునిరత్నం బదులు వచ్చిన పెరుమాళ్ ఆ మోత భరించలేక, నిద్ర లేస్తూనే మూడు టిక్కులూ పెట్టేసి పనికి బయలుదేరేవాడు. ఒకరోజు పొద్దంతా కరెంటు లేదు. టిక్కులు మాత్రం పడ్డాయి.

రెండు రోజుల తర్వాత ఆ మూడు వీధుల ఆడవాళ్ళు ప్లాస్టిక్ కుడాలు, అంటే బిందెలు, చంకన పెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. సరోజ ఫోన్ తెరిచి, నీళ్ళు ఇచ్చినట్టే ఉందని చదివి వినిపించింది. తెర మీద రంగు కాగితాలు రాలుతూ అభినందనలు కూడా కనిపించాయి. వచ్చినవాళ్ళలో ఒక తెలుగు పెద్దామె తన కుడాన్ని సరోజ బల్ల మీద పెట్టింది.

“ఫోన్‌లో వచ్చినాయంటివి గదమ్మా. అవే కొంచెం దీంట్లోకి వంచు” అంది.

ఇంకో ఫిర్యాదు వస్తే నాకు మెమో ఇస్తామని అధికారి చెప్పారు. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. అది తేలేదాకా పింఛను కాగితాలు కదలవు. ఆ మధ్యాహ్నమే నోటుబుక్కు పట్టుకుని మునిరత్నం ఇంటికి వెళ్ళాను. దిండు మీద కాలు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఇన్ని తేదీలు ఎలా గుర్తుపెట్టుకుంటావని అడిగాను.

“తేదీలు నాకెందుకు సార్” అన్నాడు. “నిన్న ఆరో వీధితో నిలిపినానంటే ఈ పొద్దు ఏడు. కరెంటు పోయిందా, రేపు ఏడు. రేపు ట్యాంకు కడిగితే ఎల్లుండి ఏడు. వీధి యాడికీ పోదు గదా.”

నోటుబుక్కులో ‘వీధి యాడికీ పోదు’ అన్న ఒక్క వాక్యమే రాసుకుని వచ్చాను.

సరోజ మూడో యాప్ తెచ్చింది. అది వెచ్చాల జాబితా రాసుకునేది. దాంట్లో తేదీలే లేవు. పన్నెండు వీధులు వరుసగా రాశాం, ఎండిన మూడింటినీ పైన పెట్టాం. నీళ్ళు వదిలిన వీధిని వేలితో అడుగుకు జరపాలి. అయితే వీధి చివరి ఇంట్లో నిండిన కుడం ఫోటో సరోజకు పంపాకే జరపాలని పెరుమాళ్‌కు షరతు పెట్టాం. పెళ్ళి ఫోటోలకు కూడా చోటు లేకుండా ఫోన్ నిండా కుడాలే ఉన్నాయని అతను చాలాసార్లు వాపోయాడు. ఫిర్యాదులు మాత్రం ఆగాయి, మెమో రాలేదు.

మునిరత్నం తిరిగి వచ్చాక జాబితా వినిపించాం. అంతా సరిగ్గానే ఉంది కానీ, ఐదో వీధికి పది నిమిషాలు ఎక్కువ ఇవ్వాలన్నాడు. అక్కడ పైపు మెరకన ఉందట. వెళ్ళి చూస్తే వీధి చదునుగా ఉంది. అతని అత్తగారి ఇల్లు కూడా అక్కడే ఉంది. ఆ పది నిమిషాలను మేం ఏ యాప్‌లోనూ ఎక్కించలేదు.

మళ్ళీ మళ్ళీ వచ్చే పనికి యాప్ ఎంచుకునే ముందు, అది తేదీని బట్టి వస్తుందా, వంతును బట్టి వస్తుందా అని తేల్చుకోవాలి. అది ఆ పని చేసే మనిషికి తెలిసి ఉంటుంది. అతను సెలవులో ఉన్నా సరే, మొదటి రోజే వెళ్ళి అడగాలి.