మామ చూసొచ్చిన బందరు పిల్ల

1947 జనవరి, ఆదివారం. స్థలం: బందరు దగ్గర సముద్రపు ఒడ్డు. హాజరైనవారు: నేను, నా స్నేహితుడు, అతడి మేనమామ.

ఆ రోజు డైరీ ఇలాగే మొదలవుతుంది. ఎక్కడికి వెళ్లినా ముందు హాజరు వేసుకోవడం నాకు కచేరీ ఉద్యోగం అంటించిన జబ్బు. నిజానికి ఆ ప్రయాణం ఇద్దరమే అనుకున్నాం. మూడో మనిషి మా వెంట ఎందుకు వచ్చాడో ఒడ్డు మీద నిలబడేదాకా మాకు తెలియలేదు.

అప్పుడు నేను సూర్యాపేట తహసీల్ కచేరీలో గుమాస్తాను. నా స్నేహితుడు అక్కడి బడిలో ఉపాధ్యాయుడు. మనిషి బుద్ధిమంతుడే గాని పిట్టలంటే పిచ్చి. హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో ఒక దూర్బీన్ కొన్నాడు. దాని ఎడమ కన్ను మసకబారిపోయింది. అందుకని లోకంలోని పిట్టలన్నిటినీ కుడి కంటితోనే చూసేవాడు. మా దిక్కున పిట్టను చూసే పద్ధతులు రెండే. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో కొట్టడానికి చూడటం ఒకటి, కూరకు వస్తుందా అని చూడటం రెండోది. ఊరికే చూడటం అనే మూడో పద్ధతి ఒకటుందని ఇతడి వల్లనే మా తాలూకాకు తెలిసింది. తాలూకా ఒప్పుకోలేదు.

అతడి రెండో పిచ్చి మిర్యాలగూడలో ఉండేది. మేనమామ కూతురు. పెద్దవాళ్లు మాట అనుకున్నారు గాని ముహూర్తం పెట్టలేదు. మామ వ్యవసాయదారుడు, పట్టింపు మనిషి. పిలవకుండా తరచూ పోతే బాగుండదని నా స్నేహితుడు ఆ ఇంట్లో గొడుగు మరిచిపోయి వచ్చేవాడు. మళ్లీ తెచ్చుకోవడానికి పోవాలి కదా. ఎండాకాలంలో కూడా అలాగే మరిచిపోయేవాడు. ఆ అమ్మాయి కాకపోతే మరెవరినీ చేసుకోనని నాతో ఒకసారి అన్నాడు. అతడు అబద్ధాలాడే మనిషి కాడు.

ఆ జనవరిలో సంతకు వచ్చిన ఎండుచేపల వ్యాపారి ఒకడు, బందరు దగ్గర బురదలో గులాబి రంగు పెద్ద కొంగలు దిగాయని చెప్పాడు. అవి నా స్నేహితుడు పుస్తకంలో బొమ్మ చూసి ఏళ్లుగా కలవరిస్తున్న పిట్టలు. సరిగ్గా ఆ ఆదివారమే మామ ఇంటికి రమ్మని కబురు పంపాడు. పిట్టలు ఆగవు, మామ ఆగుతాడు అని లెక్క వేసుకున్నాడు. మిర్యాలగూడ పోయే బస్సు డ్రైవరుకు కబురు చెప్పాడు. అది బొగ్గు మీద నడిచే బస్సు. దాని చప్పుడులో పక్కవాడి తుమ్ము కూడా వినపడదు. ఇతడు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాడు:

"మామకు చెప్పన్నా, వచ్చే ఆదివారం వస్తనని! ఈ వారం బందర్ల పిట్టను సూడవోతున్ననని చెప్పు!"

డ్రైవరు తల ఊపాడు. అతడి తప్పేమీ లేదు. మన దగ్గర 'చూడబోతున్నాను' అన్న మాటకు ముందు రావలసిన మాట ఒకటే ఉంది. చెవి దాన్నే వింటుంది. మిర్యాలగూడలో అతడు భద్రంగా అప్పగించిన కబురు ఇది: "మీ అల్లుడు బందర్ల పిల్లను సూడవోతున్నడట."

శనివారం బెజవాడ బస్సు కోసం మేము కోదాడలో దిగేసరికి మామ అక్కడ కూర్చుని ఉన్నాడు. హుజూర్‌నగర్ మీదుగా మాకంటే ముందే వచ్చాడు. చలువ చేసిన ధోవతి, జరీ అంచు కండువా, మొహాన ఏ భావమూ లేదు.

"నీ కబురు అందిందిరా," అన్నాడు.

"కోపం రాలేదు గద మామా?"

"కోపమెందుకు? నేను గూడ సూస్త."

నా స్నేహితుడి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. నన్ను పక్కకు లాగి, "మామకు గూడ పిట్టల మీద మనసైందిరా, ఇగ మన పని ఖతం!" అన్నాడు. పని ఖతం అన్నది ఎంత నిజమో అప్పుడు మాకు తెలియదు.

బెజవాడ బస్సులో వాళ్లిద్దరూ ఒక బల్ల మీద, నేను వెనక. దూర్బీన్ పట్టుకుని రోడ్డెక్కితే పోలీసులు ఊరుకునే రోజులు కావు. దాన్ని అటుకుల సంచిలో పాతిపెట్టాం. సరిహద్దు నాకా దగ్గర సర్కారు జవాను తనిఖీకి బస్సెక్కితే నేను ఉర్దూలో కచేరీ పేరు చెప్పాను, దిగిపోయాడు. మామ మాత్రం ఆ సంచి వంకే చూస్తున్నాడు. నాకా దాటాక మొదలుపెట్టాడు.

"ఎట్లుంటదిరా?"

ఆ పిట్ట ఇంగ్లీషు పేరు ఒక్కటే నా స్నేహితుడికి తెలుసు. పెద్దవాళ్ల ముందు ఇంగ్లీషు మాట్లాడటం పొగరనిపిస్తుందని 'అది' అనే అన్నాడు. మన భాషలో ఆడపిల్లకూ పిట్టకూ క్రియ ఒకటే. ఆ సంగతి నాకు ఆ రోజుకు ముందు ఎప్పుడూ తట్టలేదు.

"పొడుగ్గ ఉంటది మామా. తెల్లగ. జర గులాబి ఛాయ. నడుస్తుంటే సూడాలె."

"మొకం?"

"ముక్కే కొద్దిగ వంకర. గదే దాని అందం."

మామ కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "వంకర ముక్కుదానికోసం బందర్ దాకనా! మన దిక్కు లేవా?"

"మన దిక్కుయి రోజు సూసేటియే గద మామా. గిది సాన దూరంకెల్లి వస్తది. కచ్ఛ్ దేశం అంటరు."

"ఒక్కతే వస్తదా?"

"ఒక్కతెట్ల వస్తది? మంద మొత్తం వస్తది. వందలు."

"అందరు సుట్టాలేనా?"

"అన్ని ఒక్క కులమే మామా," అన్నాడు నా స్నేహితుడు నవ్వుతూ. అది చమత్కారం అనుకున్నాడు.

"ఏం తింటది?"

"చిన్న రొయ్యలు."

"మాట?"

"పెద్ద గొంతు. మైలు దూరం వినపడతది."

మామ కండువాతో మొహం తుడుచుకుని, "కాపురం నిలుపుతదా?" అని అడిగాడు చాలా మెల్లగా.

"ఒక్క తావుల ఉండదు మామా. నీళ్లు ఎండితే ఎల్లిపోతది."

ఆ తర్వాత బెజవాడ దాకా మామ కండువా అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన పిట్టల గురించే ఆలోచిస్తున్నాడని మేమిద్దరం మురిసిపోయాం.

ఆదివారం తెల్లవారుతుండగా జట్కా దిగి ఒడ్డుకు నడిచాం. సముద్రం వెనక్కి పోయి బురద మేట బయటపడింది. బురద నిండా పిట్టలు. గుప్పెడంత ఉల్లంకి పిట్టలు కుట్టుమిషను సూదిలా ముక్కుతో పొడుస్తున్నాయి. నీటి అంచున తెల్లవి, బూడిదవి, నల్ల టోపీవి. మామ ముందురోజే బందరులో గడ్డం గీయించుకున్నాడు. చెప్పులు చేతబట్టుకుని, జరీ కండువా సర్దుకుని, బోర్లించిన పడవ మీద కూర్చుని చుట్టూ చూశాడు.

"ఇల్లేదిరా?"

"ఇల్లేంది మామా? ఈడనే దిగుతది."

"ఈ బురదలనా?"

అప్పుడే ఉత్తరం నుంచి వచ్చాయి. బారులు కట్టి, మెడలు చాచి, రెక్కల కింద నిప్పుల రంగుతో. దిగిన చోట ఒడ్డంతా గులాబి రంగు అయింది. నా స్నేహితుడు అటుకుల సంచిలో చెయ్యి పెట్టి దూర్బీన్ పైకి తీశాడు. మామ దాన్ని చూసి, "గిదా! నేను నగ అనుకున్న," అన్నాడు. మాకు అర్థం కాలేదు. దూర్బీన్ ఆయన కళ్లకు పెట్టి, "అగో మామా, అదే! కుడి కంటితోటి సూడు!" అన్నాడు నా స్నేహితుడు.

మామ చాలాసేపు చూశాడు. దూర్బీన్ దించాడు. మళ్లీ ఎత్తి చూశాడు.

"కొంగరా ఇది."

"అదే మామా!"

"గిదా పిల్ల?"

"పిల్ల కాదు మామా," అన్నాడు నా స్నేహితుడు వినయంగా. "ఎదిగిందే. పిల్లలైతే బూడిద రంగుల ఉంటయి."

కబురు ఎక్కడ తిరగబడిందో నాకు ఆ క్షణంలో తెలిసింది. నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడ్డాను. ఇద్దరికీ నేనే విప్పి చెప్పాను. నా స్నేహితుడు కూడా నవ్వాడు, మామ మొహం చూసేదాకా. మామ నవ్వలేదు.

తిరుగు రైల్లో ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మున్షీ, నువ్వు చెప్పు. పిల్లను సూడవోయిండంటే కండ్లు నెత్తికెక్కినయ్ అనుకుంట. నాలుగు తన్ని దారికి తెస్త. కొంగను సూడవోయిండంటే ఏమనుకోవాలె? గిసొంటోనికి పిల్లనెట్ల ఇయ్యాలె?"

"మామా, తాగడు, పేకాడడు."

"తాగితే మాన్పియ్యొచ్చు. కొంగలనెట్ల మాన్పియ్యాలె?"

ఎదురుగా కూర్చున్న నా స్నేహితుడు అన్నీ వింటున్నాడు. అరటిపండు తొక్క తీసి చేతిలో పట్టుకుని, తినకుండా బెజవాడ దాకా వచ్చాడు. అంతగా కలవరించిన పిట్టను చూసినందుకు అతడి మొహంలో సంతోషం అన్నది లేదు. కోదాడలో మామ తోడల్లుడి ఇంట్లో దిగాం. "పొద్దున చెప్త, ఏ సంగతీ," అని మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే లేచి మొహం కడుక్కుని మామ అరుగు మీద కూర్చున్నాడు. నా స్నేహితుడు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తీర్పు చెప్పడానికి మామ గొంతు సవరించుకున్నాడు. అంతలో, మేము తిరిగొచ్చేదాకా ఇంట్లో ఆగలేక, మిర్యాలగూడ నుంచి మొదటి బస్సు దిగి అత్త వచ్చేసింది, వెంట కూతురు. ఆ అమ్మాయి కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేరుగా లోపలికి పోయి తలుపు వెనక నిలబడింది.

"ఏది, ఎట్లున్నదట ఆ బందర్ రంభ?" అంది అత్త, మూట కూడా దించకుండా.

"పిల్ల లేదు గిల్ల లేదు," అన్నాడు మామ. "కొంగ."

"ఏంది?"

"కొంగనే. గులాబి రంగుది."

అత్త నెత్తి కొట్టుకుంది. "ఓయమ్మా! మీరు గూడ ఆళ్ల దిక్కే కలిసిన్రా! ఏం తినవెట్టిన్రు, ఏం తాగవెట్టిన్రు? గులాబి రంగు కొంగ ఏడనన్న ఉంటదా?"

"ఉంటదే! నా కండ్లతోటి సూసిన. కుడి కంటితోటి!"

"ఇగ ఒక్క కన్నేనా మిగిలింది!"

మామకు పౌరుషం వచ్చింది. ఊళ్లో ఆయన మాటంటే రాత. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరూ ఆయన్ను అబద్ధాలకోరు అనలేదు. అరుగు దిగి వాకిట్లోకి వచ్చాడు. "గింత పొడుగు కాళ్లు," అని ధోవతి ఎగ్గట్టాడు. "మెడ గిట్ల," అని చెయ్యి పైకెత్తి వంచాడు. "నిలవడ్డదంటే ఒక్క కాలు మీదనే." ఒక కాలు ఎత్తి నిలబడ్డాడు. "తినేటప్పుడు మూతి తలకిందులు పెడ్తది. గిట్ల!" అంటూ అలాగే వంగి తల కిందికి తిప్పాడు. జరీ కండువా జారి దుమ్ములో పడింది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు.

అత్త కాసేపు ఆయన్నూ, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ముగ్గురు మొగోల్లు కూడవలుక్కొని అబద్ధమాడితే గింత పిచ్చిగ ఆడరు," అంది చివరికి మూట దించుతూ. "కొంగనే అయి ఉంటది. ఇగ అయ్యగారికి కబురు చెయ్యిర్రి. ముహూర్తం పెట్టకపోతే రేపు ఇంకేం సూడవోతడో."

తలుపు వెనక నుంచి నవ్వు వినపడింది. తర్వాత గొంతు.

"మూతి తలకిందులు పెడితే ఎట్ల మింగుతది, నాయినా?"

మామకు తెలియదు. ఒంటికాలి మీద, తల కిందికి పెట్టి, అలాగే నా స్నేహితుడి వైపు తిరిగాడు. అతడు తలుపు వంకే చూస్తున్నాడు.

"చెప్పరా అల్లుడా, జల్ది చెప్పు," అన్నాడు మామ. "కాలు గుంజుతున్నది."