సత్రంలో అమ్మకు దొరికిన చోటు

దెయ్యాలంటే నాకెప్పుడూ భయం లేదు. నా భయమంతా ఇంటి ఓనర్లంటేనే. పుట్టిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళలో బతికినదాన్ని, లేని దెయ్యాలకు భయపడే తీరిక నాకెక్కడిది?

నరసరావుపేటలో ఒక పాత సత్రాన్ని బాగుచేసి, ఇల్లు లేనివాళ్ళకు సాయం చేసే కేంద్రంగా మారుస్తున్నారు. అద్దె ఇల్లు వెతకాలన్నా, పట్టా కావాలన్నా, లోను కావాలన్నా ఇకమీదట అక్కడికే రావాలి. ఆ పనికి సైట్ సూపర్‌వైజర్‌ని నేను. ముందు నీకో ఇల్లు చూసుకో అక్కా అని పనివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

అప్పటికి అమ్మ పక్షవాతంతో మంచాన పడింది. మాట కూడా పోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు ఆసుపత్రిలో. ఆటోలో తీసుకొస్తే ఓనరు పిన్ని గేటుకు అడ్డంగా నిలబడింది. ఆమె కళ్ళలోనూ నీళ్ళే.

"ఏమనుకోమాక అమ్మాయ్. ఇంట్లో పోయిందనుకో, నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాల. మేమేడకి పోవాల?"

నేను మళ్ళీ ఆటో ఎక్కాను. "ఇప్పుడేడకి అక్కా?" అన్నాడు ఆటో అతను. నా చేతిలో ఉన్నది సత్రం తాళాలగుత్తి ఒక్కటే.

సెలవు కాబట్టి అక్కడ ఎవరూ లేరు. లోపలి గదికి ముందురోజు నేనే తాళం వేశాను. అప్పుడు నేలంతా సిమెంటు దుమ్ము. ఇప్పుడు తలుపు తీస్తే శుభ్రంగా కడిగి ఉంది, ఇంకా తడి ఆరలేదు. పని మొదలైనప్పుడే సత్రానికి నీళ్ళ కనెక్షన్ తీసేశారు. ఆ గదికి రెండో తాళంచెవి లేదు. తర్వాత మేస్త్రీని అడిగితే, పిల్లల మీద ఒట్టేసి ఎవరూ రాలేదన్నాడు.

ఆలోచించే ఓపిక లేదు. దుప్పటి పరిచి అమ్మను పడుకోబెట్టి ఆటో అతను వెళ్ళిపోయాడు. అమ్మ కళ్ళు తెరిచింది. నన్ను కాదు, తన పక్కనున్న ఖాళీ నేలను చూస్తూ స్పష్టంగా అంది.

"కాస్త జరుగమ్మా. నా కూతురు కూచుంటది."

అమ్మ చూసిన చోటే కూర్చున్నాను. గదంతా తడి. నేను కూర్చున్న చోటు మాత్రం పొడిగా, అప్పుడే ఎవరో లేచినట్టు వెచ్చగా ఉంది.

చీకటి పడకముందే అమ్మ పోయింది. అటునుంచటే శ్మశానానికి తీసుకెళ్ళాం.

ఇప్పుడా గదిలో కుర్చీలు వేశారు. జనం వస్తున్నారు, మళ్ళీ రమ్మంటే మళ్ళీ వస్తున్నారు. నేనూ అర్జీ పెట్టుకున్నాను. ఇల్లు దొరికిందని చెప్పినవాళ్ళు నాకింకా కనబడలేదు.

ఆ రోజు అమ్మ ఎవర్ని అడిగిందో, ఎవరు జరిగారో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు. బతికున్నవాళ్ళు మాత్రం ఎవరూ జరగలేదు.